స్టాండప్ 50 నిమిషాలు, స్ప్రింట్ చివర్లో సగం టికెట్లు అలాగే. స్క్రమ్ మాస్టర్ పని నాకు అంటగట్టారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇరానీచాయ్

నమస్తే అందరికీ. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

గచ్చిబౌలిలో ఒక సర్వీస్ కంపెనీలో డెవలపర్‌ని, ఆరేళ్ళ అనుభవం. అమెరికాలోని ఒక ఇన్సూరెన్స్ క్లయింటుకి క్లెయిముల యాప్ చేస్తున్నాం, స్క్రమ్ పద్ధతిలో, అంటే పనిని స్ప్రింట్లు అనే చిన్న గడువులుగా విడగొట్టి. నాతో కలిపి ఏడుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు, ఒక బీఏ (క్లయింటుకి ఏం కావాలో రాసిపెట్టే బిజినెస్ అనలిస్ట్). ప్రాడక్ట్ ఓనర్, అంటే ఏం చేయాలో తేల్చే క్లయింటు మనిషి, డల్లాస్‌లో ఉంటాడు, వారానికి ఒకసారి దర్శనం. ఈ పద్ధతి సరిగ్గా నడిచేలా చూసే మా స్క్రమ్ మాస్టర్‌ని ఆగస్టులో వేరే ప్రాజెక్టుకి లాగేశారు. కొత్తవాళ్ళని ఇవ్వడానికి బడ్జెట్ లేదట, "నువ్వు బాగానే మాట్లాడతావు కదా, కొన్నాళ్ళు నువ్వు చూసుకో" అని మేనేజర్ గారు ఆ పని నా నెత్తిన పెట్టారు. నా కోడింగ్ టికెట్లు (నా పేరు మీదున్న పనులు) మాత్రం ఒక్కటి కూడా తగ్గలేదు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ నా పరిస్థితి.

స్టాండప్, అంటే రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్, రాత్రి 8:30కి, ఎందుకంటే అప్పుడు డల్లాస్‌లో పొద్దున 10. మేనేజర్ గారు జిరా బోర్డు (ఏ టికెట్ ఎక్కడుందో చూపించేది) షేర్ చేసి, ఒక్కొక్కరి పేరు మీద ఫిల్టర్ పెట్టి "ఆ, నీ సంగతేంటి, ఎంత శాతం అయింది, నిన్న కూడా 80 అన్నావు కదా" అని అడుగుతారు. స్కూల్లో హాజరు పలికినట్టే. తన వంతు అయిపోయినవాడు మ్యూట్‌లో పెట్టి అన్నం తింటుంటాడు (నేనూ తిన్నాను, అబద్ధమెందుకు). మధ్యలో ఎవరో ఏపీఐ సమస్య ఎత్తితే ఇద్దరు దాని మీద పావుగంట వాదించుకుంటారు, మిగతా వాళ్ళం వింటూ కూర్చుంటాం. మామూలుగా 50 నిమిషాలు. నిన్న గంటా ఐదు.

స్ప్రింట్ రెండు వారాలు. ప్లానింగ్‌లో బీఏ బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా) పైనుంచి 14 టికెట్లు లాగుతుంది, టెక్ లీడ్ "ఇది 3, ఇది 5, ఇది సింపులే, 2 వేసేయ్" అని పని ఎంత పెద్దదో పాయింట్లలో చెప్తాడు, మేం తలూపుతాం. పోయిన స్ప్రింట్‌లో 14కి 6 పూర్తయ్యాయి. మిగతా 8 స్పిల్ ఓవర్, అంటే తర్వాతి స్ప్రింట్‌కి జారాయి, వాటి మీద మళ్ళీ కొత్తవి. దసరాకి నలుగురు ఊళ్ళకి వెళ్ళిన స్ప్రింట్‌లో కూడా ఎప్పట్లాగే 34 పాయింట్లు లాగాం. పైగా పక్క టీమ్ వెలాసిటీ (ఒక స్ప్రింట్‌లో పూర్తిచేసే పాయింట్లు) 52 అట, మనది 34 ఎందుకు, జనవరికల్లా 40 చేయాలి అని పై నుంచి ఒత్తిడి.

రెట్రో, అంటే స్ప్రింట్ చివర ఏం మార్చుకోవాలో మాట్లాడుకునే మీటింగ్, దాని గురించి చెప్పాలంటే, ప్రతిసారీ బోర్డు మీద "కమ్యూనికేషన్ మెరుగుపరచుకోవాలి" అని నాలుగు చీటీలు పడతాయి. అంతే. పోయిన ఆరు రెట్రోల బోర్డులు తెరిచి చూశాను, అన్నిట్లో అదే వాక్యం, ఒక్కోసారి అక్షరదోషం కూడా అదే.

నా ప్రశ్న: దీన్ని స్క్రమ్ అంటారా? నాకు అధికారం ఏమీ లేదు, మేనేజర్‌ని మీటింగ్‌లోంచి వెళ్ళిపొమ్మనలేను. ముందుగా ఏది సరిచేయాలి? స్టాండప్ తగ్గిస్తే చాలనిపిస్తోంది నాకు.

---

గోదారి_గట్టు

తమ్ముడూ, స్టాండప్ జోలికి ఇప్పుడే పోవద్దు. అక్కడ కనిపించేది జ్వరం, రోగం ప్లానింగ్‌లో ఉంది. నేను పదిహేనేళ్ళుగా ఈ పనుల్లో ఉన్నాను, అందులో ఏడేళ్ళు స్క్రమ్ మాస్టర్‌గా బెంగళూరులో. మొదటి రెండేళ్ళు నేనూ నీలాగే ఫోన్‌లో టైమర్ పెట్టి 15 నిమిషాలకి గంట మోగించేవాణ్ణి. జనం గంట మోగాక ఇంకో కాల్ పెట్టుకుని అదే మాట్లాడుకునేవాళ్ళు.

ఒక పరీక్ష చెప్తాను. రేపు టీమ్‌లో ఎవరో ఒకరికి ఫోన్ చేసి "ఈ స్ప్రింట్ దేనికోసం" అని అడుగు. "14 టికెట్లు అవగొట్టడానికి" అంటే నీకు స్ప్రింట్ గోల్ లేనట్టే. ఒకదానితో ఒకటి సంబంధం లేని 14 టికెట్లని పది మంది పంచుకుంటే, నీ టికెట్ గురించి నేను వినాల్సిన పనేముంది? వినను. అన్నం తింటాను. ఇక మాట్లాడేవాడికి కూడా వినేది మేనేజర్ ఒక్కడే, కాబట్టి ఆయనకే చెప్తాడు. హాజరు పలకడం ఆయన కనిపెట్టిన దురాచారం కాదు, ఆ ఖాళీలో దానంతటదే మొలిచింది.

స్క్రమ్ గైడ్ అని ఉంది కదా, స్క్రమ్ తెచ్చిన కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ రాసింది, 2020 నవంబర్‌లో వచ్చినదే ఇప్పుడు నడుస్తోంది. మొత్తం 13 పేజీలు. మెట్రోలో రాయదుర్గం నుంచి అమీర్‌పేట వెళ్ళేలోగా చాలావరకు చదివేయొచ్చు, అయినా పదేళ్ళుగా స్క్రమ్ చేస్తున్నామనే వాళ్ళలో చదివినవాళ్ళు నాకు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే దొరికారు. అందులో "నిన్న ఏం చేశావు, ఈరోజు ఏం చేస్తావు, అడ్డంకులేంటి" అనే మూడు ప్రశ్నలు ఇప్పుడు లేవు, 2020లో తీసేశారు. డైలీ స్క్రమ్ (మీ స్టాండప్పే) 15 నిమిషాలు, అది డెవలపర్లు స్ప్రింట్ గోల్ వైపు వెళ్తున్నామా లేదా చూసుకుని ఆ రోజు పని సర్దుకోవడానికి. ఎలా నడపాలన్నది వాళ్ళ ఇష్టం. (గైడ్ భాషలో డెవలపర్లంటే కోడ్ రాసేవాళ్ళే కాదు, టెస్టర్లు కూడా.) శాతాల ఊసే లేదు.

ప్లానింగ్‌లో మూడు సంగతులు తేలాలి: ఈ స్ప్రింట్ ఎందుకు, ఏం చేయగలం, ఎలా చేస్తాం. మీరు రెండోదానితో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తున్నారు. నెల స్ప్రింట్‌కి ప్లానింగ్ గరిష్ఠంగా 8 గంటలు అని గైడ్ అంటుంది, రెండు వారాలకి ఆ లెక్కన నాలుగు. మీది 40 నిమిషాల్లో అయిపోతోందని నా అనుమానం. అక్కడ మిగుల్చుకున్న టైమే రోజూ రాత్రి 8:30కి వడ్డీతో సహా కడుతున్నారు.

వచ్చే ప్లానింగ్‌కి ముందు బీఏతో కూర్చుని ఒకే ఒక్క వాక్యం రాయించు. "ఈ రెండు వారాలు అయ్యాక క్లెయిమ్ వేసేవాడు ఇది చేయగలగాలి" అని. ఆ వాక్యానికి పనికొచ్చే టికెట్లు ముందు, మిగతావి చోటుంటే. సెలవులు ముందే రాసుకో. దసరాకి నలుగురు లేకుండా 34 లాగడం ప్లానింగ్ కాదు, మొక్కుకోవడం.

ఇంకోటి, టెక్ లీడ్ ముందుగా అంకె చెప్పకూడదు. ఆయన 3 అన్నాక రెండేళ్ళ అనుభవం ఉన్న కుర్రాడు 8 అంటాడా? జేమ్స్ గ్రెనింగ్ 2002లో ప్లానింగ్ పోకర్ తెచ్చింది కూడా ఇందుకే, ఒకరిద్దరు సీనియర్లు మాట్లాడుకుంటూ పోతే మిగతావాళ్ళు ఊరుకుండిపోతున్నారని. అందరూ ఒకేసారి అంకె చూపించండి. 2 అన్నవాడూ 13 అన్నవాడూ ఎందుకన్నారో చెప్పాలి. అసలు సరుకు అంకెలో ఉండదు, ఆ 13 అన్నవాడి నోట్లో ఉంటుంది.

---

విశాఖ_టెస్టర్

పైన అన్న చెప్పినదానికి నా వైపు నుంచి ఒకటి కలుపుతాను. ఆ 8 స్పిల్ ఓవర్లలో ఎన్ని "టెస్టింగ్" కాలమ్‌లో ఉన్నాయో చూశారా? నేను చూడకుండానే చెప్తాను, సగానికి పైనే. డెవలపర్లందరూ తొమ్మిదో రోజు సాయంత్రం ఒకేసారి "నా వైపు అయిపోయింది" అని మా మీద పడేస్తారు. ఏడుగురు తొమ్మిది రోజులు రాసింది ఇద్దరు ఒక్క రోజులో చూడాలి. ఆ పైన "టెస్టింగ్ వల్ల ఆలస్యం" అని రిపోర్టు. పదేళ్ళుగా ఇదే పాట వింటున్నాను.

టికెట్లు ఎలా కోస్తున్నారో చూడండి. మా పాత టీమ్‌లో "క్లెయిమ్‌కి ఫొటోలు జతచేయడం" లాంటి పని వస్తే డేటాబేస్‌కి ఒక టికెట్, ఏపీఐకి ఒకటి, స్క్రీన్‌కి ఒకటి, టెస్టింగ్‌కి ఒకటి అని అడ్డంగా, పొరలు పొరలుగా చీల్చేవారు. అన్నీ కలిస్తేగానీ నాకు చూడ్డానికి ఏమీ ఉండదు. తర్వాత ఇలా మార్చాం: మొదటి టికెట్ ఒకే ఒక్క జేపీజీ ఫొటో, 5 ఎంబీ లోపు, పైనుంచి కిందదాకా, అంటే స్క్రీన్‌లో ఎంచుకుంటే డేటాబేస్‌లో పడాలి. రెండోది ఒకటికి మించి ఫొటోలు. మూడోది పీడీఎఫ్. నాలుగోది మధ్యలో నెట్ పోతే ఏమవ్వాలి. మొదటిది మూడో రోజుకే నా చేతికి వచ్చింది, అదే రోజు రెండు బగ్‌లు దొరికాయి, రాసినవాడికి కోడ్ ఇంకా బుర్రలోనే ఉంది కాబట్టి గంటలో సరిచేశాడు. అదే తొమ్మిదో రోజైతే "ఇది తర్వాతి స్ప్రింట్‌లో చూద్దాం" అయ్యేది.

ఇంకో సంగతి, బయటివాళ్ళ మీద ఆధారపడే పని ప్లానింగ్‌లోనే బయటపడాలి. మాది అప్పట్లో ఇక్కడి క్లయింటు. "ఓటీపీ మెసేజ్‌లో మాటలు మార్చాలి", 2 పాయింట్లు, ఎవరూ రెండోసారి చూడలేదు. కోడ్ అరగంటలో అయింది. కానీ మన దేశంలో కంపెనీల ఎస్ఎంఎస్ టెంప్లేట్ ఏదైనా డీఎల్‌టీ అనే టెలికాం రిజిస్ట్రీలో రిజిస్టర్ అయి ఉండాలి, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన, కామా మార్చినా మళ్ళీ అప్రూవల్. అది మా చేతిలో లేదు, క్లయింటు వైపు ఎవరో సెలవులో ఉన్న మనిషి దగ్గర ఉంది. ఆ 2 పాయింట్ల టికెట్ రెండు స్ప్రింట్లు బోర్డు మీద వేలాడింది. ఆ రోజు ప్లానింగ్‌లో నేను చెయ్యెత్తి "టెంప్లేట్ ఎవరు అప్లై చేస్తారు" అని అడగాలనుకుని కూడా ఊరుకున్నాను, ఎందుకంటే అప్పట్లో టెస్టర్లని ప్లానింగ్‌కి పిలిచేది మర్యాద కోసం.

డెఫినిషన్ ఆఫ్ డన్ రాసుకున్నారా? అంటే ఏ టికెట్‌ని "అయిపోయింది" అనడానికైనా అందరికీ ఒకటే కొలత. మీ 80 శాతం గోల అక్కడే పోతుంది. అయింది, కాలేదు. మధ్యలో ఏమీ ఉండదు.

---

బోర్డు_తిప్పేశా

అందరూ స్క్రమ్‌ని బాగుచేయమంటున్నారు, నేను తీసి పక్కన పెట్టమంటాను. మాది ప్రొడక్షన్ సపోర్ట్ టీమ్, పొద్దున ప్లాన్ చేసింది మధ్యాహ్నానికి చెల్లదు. మూడేళ్ళు స్ప్రింట్ల పేరుతో కొట్టుకున్నాం, తర్వాత కాన్‌బాన్‌కి మారాం. స్ప్రింట్ లేదు, పాయింట్లు లేవు, ఒక్కో కాలమ్‌లో ఇన్నే టికెట్లు ఉండాలని పరిమితి ఒకటి.

మీ లెక్కే తీసుకోండి. 10 పనిరోజుల్లో 6 పూర్తయ్యాయి, అంటే రోజుకి 0.6. చేతిలో ఉన్నవి 14. లిటిల్ సూత్రం ప్రకారం 14ని 0.6తో భాగిస్తే సగటున ఒక్కో టికెట్ బయటపడడానికి 23 పనిరోజులు. మీ స్ప్రింటేమో 10 రోజులు. ఎలా అవుతాయి స్వామీ? మొదటి రోజే 14నీ తలా ఒకటి రెండు పంచేసుకోవడం మానేసి, ఏ రోజైనా ఐదారుకి మించి తెరిచి ఉండకూడదని పెట్టండి. ఖాళీగా ఉన్నవాడు కొత్తది ఎత్తుకోకుండా పక్కవాడిది ముగించడానికి సాయం చేయాలి. మేనేజర్లకి ఇది అస్సలు నచ్చదు, మనిషి ఖాళీగా కనిపిస్తే వాళ్ళకి బీపీ పెరుగుతుంది.

పాయింట్ల గురించి. రాన్ జెఫ్రీస్ అని ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే ఇంకో పద్ధతి మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు, స్టోరీ పాయింట్లు బహుశా తానే కనిపెట్టి ఉంటానని, అదే నిజమైతే ఇప్పుడు విచారిస్తున్నానని ఆయనే రాసుకున్నాడు. స్క్రమ్ గైడ్‌లో స్టోరీ పాయింట్ అన్న మాటా లేదు, వెలాసిటీ అన్న మాటా లేదు. పక్క టీమ్ 52, మీది 34 అని పోల్చడం అంటే వాళ్ళింట్లో బియ్యం గ్లాసుతో, మీ ఇంట్లో సోలతో కొలిచి ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయో చూడడం. 40 కావాలంటే రేపే ఇవ్వొచ్చు, 3 అన్న చోట 5 వేయండి. మా పాత టీమ్ సరిగ్గా అదే చేసింది, ఒక్క త్రైమాసికంలో వెలాసిటీ పెరిగినందుకు మెచ్చుకోలు మెయిల్ కూడా వచ్చింది. పని ఒక్క లైను కూడా పెరగలేదు.

---

గోదారి_గట్టు

@బోర్డు_తిప్పేశా, సపోర్ట్ టీమ్‌కి కాన్‌బాన్ సరే, నేనూ అదే చెప్తాను. కానీ వీళ్ళది కొత్త యాప్. ప్రాడక్ట్ ఓనర్ వారానికి ఒకసారి కనిపించే మనిషి. రెండు వారాలకోసారి చేసింది చూపించి "ఇదేనా నువ్వడిగింది" అని నిలదీసే స్ప్రింట్ రివ్యూ కూడా తీసేస్తే, ఆరు నెలల తర్వాత ఆయనొచ్చి నేనడిగింది ఇది కాదంటాడు. తెరిచిన పనులకి పరిమితి మాత్రం స్క్రమ్‌లో ఉండి కూడా పెట్టుకోవచ్చు, ఎవరూ వద్దనలేదు. ఆ 23 రోజుల లెక్క బాగుంది, నేను వాడుకుంటాను. కాకపోతే అది సగటు, పైగా అలాగే నడుస్తూ ఉంటేనే వర్తిస్తుంది, ఒక్క స్ప్రింట్ అంకెలతో మేనేజర్ ముందు పెడితే ఆయన పట్టుకుంటాడు. నాలుగైదు స్ప్రింట్లవి తీసి చూపించమనండి.

---

డల్లాస్_చిన్నోడు

నేను అవతలి ఒడ్డున ఉన్నాను, అంటే క్లయింటు వైపు. మీ క్లయింటు కాదులే కంగారుపడకండి, ఇలాంటిదే ఇంకోటి. తెనాలి నుంచి వచ్చి ఎనిమిదేళ్ళు.

మీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. ఇక్కడ ప్రాడక్ట్ ఓనర్ అనే ఆయనకి అసలు ఉద్యోగం వేరే ఉంటుంది. క్లెయిముల విభాగంలో మేనేజరో ఏదో అయి ఉంటాడు, మీ యాప్ ఆయన నెత్తిన పడిన ఐదో పని. ఆయన పైవాళ్ళు "ఎంతవరకు వచ్చింది" అని అడుగుతారు, ఆయన మీ మేనేజర్‌ని అడుగుతాడు, మీ మేనేజర్ రాత్రి 8:30కి మిమ్మల్ని అడుగుతాడు. ఆ గొలుసులో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అందరికీ టెన్షన్. మీ మేనేజర్‌కి ఆ సమాచారం వేరే దారిలో, అడగకముందే అందితే ఆయన హాజరు పలకడం చాలావరకు మానేస్తాడు. మా దగ్గర ఒక టీమ్ ఇలా చేసింది: సాయంత్రం నాలుగు వాక్యాలు చాట్‌లో. స్ప్రింట్ గోల్ ఏంటి, దానికి దగ్గరయ్యామా, ఏది ఆగిపోయింది, ఎవరి నుంచి ఏం కావాలి. పేర్లు లేవు, శాతాలు లేవు. మొదటి వారం మేనేజర్ అది చదివి మళ్ళీ మీటింగ్‌లో అవే అడిగాడు. మూడో వారానికి ఆయనే మీటింగ్‌కి రావడం తగ్గించాడు.

రెండోది, స్టాండప్ రాత్రి ఎందుకు? డెవలపర్లూ టెస్టర్లూ అక్కడే ఉన్నప్పుడు అది మీ పగలే పెట్టుకోండి. డల్లాస్‌తో మాట్లాడాల్సినవి వారానికి రెండుసార్లు రాత్రి, అది కూడా అందరూ అక్కర్లేదు. ఇప్పుడు మార్చకపోతే నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు వెనక్కి వెళ్తాయి, అదే 10 గంటల కాల్ మీకు రాత్రి 9:30 అవుతుంది, మార్చి దాకా. పిల్లలున్నవాళ్ళని అడగండి ఎలా ఉంటుందో.

మూడోది మీ బీఏ. ఆవిడ ప్రతి ప్రశ్నకీ "క్లయింటుని అడిగి చెప్తాను" అంటుంటే అది ఆవిడ తప్పు కాదు, ఆవిడకి అధికారం ఇవ్వలేదు. ప్రాడక్ట్ ఓనర్ ఒక్క మనిషే అయి ఉండాలి, కమిటీ కాకూడదు అని గైడ్ అంటుంది, కానీ తన పని ఇంకొకరికి అప్పగించొచ్చు, జవాబుదారీ మాత్రం ఆయనే. కాబట్టి ఆయన్ని ఒక్కసారి అరగంట కూర్చోబెట్టి, అడగకుండా ఆవిడే తేల్చగలిగేవి ఏంటో రాయించుకోండి. ఎర్రర్ మెసేజ్‌లో మాటలు, ఫీల్డుల వరస, ఏ బగ్ ముందు ఏది తర్వాత, ఇలాంటివి. డబ్బు లెక్క మారేవి, చట్టానికి సంబంధించినవి మాత్రమే ఆయన దాకా. మా దగ్గర అలా రాసుకున్నాక రాత్రి పూట వచ్చే ప్రశ్నలు బాగా తగ్గాయి, ఆయన కూడా హాయిగా ఫీలయ్యాడు. ఎవరికైనా పొద్దున లేవగానే 19 ప్రశ్నలున్న మెయిల్ చూడాలని ఉండదు కదా.

---

ఫ్రెషర్_ఫ్రమ్_గుంటూరు

మధ్యలో దూరుతున్నందుకు సారీ. అమీర్‌పేటలో స్క్రమ్ మాస్టర్ కోర్సు చేస్తే నేరుగా ఉద్యోగం అంటున్నారు, చేరొచ్చా? సర్టిఫికెట్ ఏది మంచిది?

---

బోర్డు_తిప్పేశా

వేరే పోస్టు పెట్టు తమ్ముడూ, కానీ క్లుప్తంగా: ఒక్క టీమ్‌లో కూడా పనిచేయని మనిషిని ఆ టీమ్‌కి స్క్రమ్ మాస్టర్‌గా ఎవరు పెట్టుకుంటారు? ముందు డెవలపర్‌గానో టెస్టర్‌గానో రెండు మూడేళ్ళు చెయ్యి. సర్టిఫికెట్ కావాలంటే స్క్రమ్ డాట్ ఆర్గ్ వాళ్ళ పీఎస్ఎం 1కి కోర్సు తప్పనిసరి కాదు, సొంతంగా చదివి రాయొచ్చు, 60 నిమిషాల్లో 80 ప్రశ్నలు, 85 శాతం రావాలి. ఆ 13 పేజీల గైడ్ పదిసార్లు చదువు. అది ఉచితం, మొదట దానికే డబ్బు కట్టించుకునేవాళ్ళ దగ్గర జాగ్రత్త.

---

ఇరానీచాయ్

మూడు వారాల తర్వాత వస్తున్నాను. ఏం జరిగిందో చెప్తానని మాటిచ్చినట్టు లేదు కానీ ఇంత ఓపిగ్గా రాశారు కాబట్టి చెప్పాలి.

గోదారి అన్న చెప్పిన పరీక్ష చేశాను. నలుగురిని అడిగాను ఈ స్ప్రింట్ దేనికని. ఇద్దరు టికెట్ నంబర్లు చెప్పారు, ఒకడు "రిలీజ్ కోసం" అన్నాడు (రిలీజ్ ఫిబ్రవరిలో), నాలుగో మనిషి "నువ్వు స్క్రమ్ మాస్టర్‌వి కదా, నువ్వు చెప్పు" అన్నాడు. అక్కడితో నాకు అర్థమైంది.

బీఏతో కూర్చుని వాక్యం రాయడానికి రెండు గంటలు పట్టింది. ఒక్క వాక్యం! మొదట రాసింది "క్లెయిమ్ మాడ్యూల్ మెరుగుదల", ఏ స్ప్రింట్‌కైనా అతుకుతుంది అది. చివరికి తేలింది: "కారు దెబ్బతిన్న పాలసీదారు ఫోన్‌లోంచే ఫొటోలు జతచేసి క్లెయిమ్ పంపగలగాలి". దానికి పనికొచ్చేవి 14లో ఐదే ఉన్నాయి. మిగతావి ఎవరెవరో ఎప్పుడెప్పుడో అడిగినవి. టెక్ లీడ్‌తో ముందే విడిగా మాట్లాడి ఈసారి అంకె చివర్లో చెప్పమన్నాను, మొహం మాడ్చుకున్నాడు కానీ ఒప్పుకున్నాడు. పోకర్‌లో ఫొటో టికెట్‌కి అందరూ 3 చూపిస్తే, మా జూనియర్ అమ్మాయి 13 చూపించింది. ఎందుకంటే ఐఫోన్ ఫొటోలు హెచ్ఈఐసీ ఫార్మాట్‌లో వస్తాయి, మన సర్వర్ వాటిని తీసుకోదు, మార్చాలి అంది. రూమ్‌లో ఎవరికీ ఆ ఆలోచనే లేదు. టెక్ లీడ్ రెండు క్షణాలు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఎక్కడ చూశావు" అని అడిగాడు. వాళ్ళమ్మకి ఫొటో పంపుతుంటే గమనించిందట. ఆ టికెట్‌ని రెండుగా కోశాం.

స్టాండప్ మధ్యాహ్నం 12కి మార్చాం. మేనేజర్ గారు మొదట ఒప్పుకోలేదు, "నాకు విజిబిలిటీ ఎలా" అన్నారు. డల్లాస్ అన్న చెప్పిన నాలుగు వాక్యాలు రోజూ సాయంత్రం పంపుతానన్నాను, రెండు వారాలు చూసి నచ్చకపోతే పాతదానికే వెళ్దాం అన్నాను. అలా గడువు పెట్టి అడిగితే ఒప్పుకున్నారు. ఇప్పుడు మనిషి మనిషిని అడగకుండా బోర్డులో కుడి చివర నుంచి, అంటే పూర్తవడానికి దగ్గరగా ఉన్న టికెట్ నుంచి మొదలుపెట్టి, దీన్ని ఈరోజు దాటించాలంటే ఏం కావాలి అని చూస్తున్నాం. 20 నిమిషాలు పడుతోంది. 15 కాలేదు. మేనేజర్ గారు ఇప్పటికీ వస్తారు, మ్యూట్‌లో ఉంటారు, అప్పుడప్పుడు ఆగలేక "అయితే ఎంత శాతం" అంటారు. అలవాటు.

రెట్రో ఆయన లేకుండా పెట్టాలనుకున్నాను, అడగడానికి ధైర్యం చాలలేదు. బదులుగా చీటీలు పేర్లు లేకుండా ముందురోజే రాయించాను. "కమ్యూనికేషన్" అన్న మాట నిషేధం అని సరదాగా పెట్టాను, నిజంగానే పనిచేసింది. "కోడ్ రివ్యూకి రెండు రోజులు ఆగుతున్నాం" అని ముగ్గురు రాశారు. ఒక్కటే పట్టుకున్నాం: ఎవరైనా కొత్త టికెట్ తెరిచే ముందు ఆగి ఉన్న రివ్యూ ఒకటి చూడాలి. మొత్తానికి ఈసారి 9 లాగాం, 7 పూర్తయ్యాయి. పాయింట్లలో 26 వచ్చింది, 34 నుంచి 26కి ఎందుకు పడిపోయిందని ఎక్సెల్ పట్టుకుని పైనుంచి మెయిల్ వచ్చింది. 34 లాగాం గానీ 34 ఎప్పుడూ పూర్తి చేయలేదు, అది ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. ఆ మెయిల్‌కి జవాబు ఇంకా రాయలేదు, ఎలా రాయాలో ఎవరైనా చెప్తే దణ్ణం పెడతాను.

---

గోదారి_గట్టు

పాయింట్లతో జవాబివ్వకు, ఇచ్చావంటే జీవితాంతం పాయింట్లలోనే మాట్లాడాలి. స్ప్రింట్ గోల్ నెరవేరింది, రివ్యూలో ప్రాడక్ట్ ఓనర్ తన ఫోన్‌లోంచే ఫొటో పంపి చూశాడు అని రాయి (చూశాడు కదా?). కింద పోయిన నాలుగు స్ప్రింట్లలో లాగినవి ఎన్ని, నిజంగా ముగిసినవి ఎన్ని అని రెండు వరసలు. టికెట్ల సంఖ్య చాలు. పైవాళ్ళు అడిగిన 34 ఎక్కడా కనపడదు, దాని గురించి నువ్వు మాట్లాడాల్సిన అవసరమూ ఉండదు.

---

ఇరానీచాయ్

చూశాడు అన్నా. తన కారు బంపర్ ఫొటో పంపాడు, నిజంగానే సొట్ట ఉంది. మెయిల్ రేపు పొద్దున అలాగే రాస్తాను.

---

విశాఖ_టెస్టర్

బాగుంది. 9లో 7 అన్నారు, ఆ మిగిలిన రెండూ ఎక్కడ ఆగాయి?

---

ఇరానీచాయ్

టెస్టింగ్‌లో అక్కా. ఒకటి తొమ్మిదో రోజు సాయంత్రం 6కి ఇచ్చారు.

---

విశాఖ_టెస్టర్

ఇచ్చిందెవరు?

---

ఇరానీచాయ్

నేనే.